కంబోడియా వెళ్లు, ఆ అనాథాశ్రమానికి మాత్రం వద్దు

ప్రశ్న: టీచర్ గారూ, నమస్తే. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. వయసు 27, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల క్రితం రిషీకేశ్‌లో 200 గంటల యోగా టీచర్ కోర్సు చేశాను. వచ్చే ఏప్రిల్‌లో నెల రోజులు సెలవు దొరికేలా ఉంది. కంబోడియాలో సియెం రీప్ అనే ఊళ్లో అనాథ పిల్లలకి మూడు వారాలు యోగా నేర్పే ప్రోగ్రామ్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. ఫీజు లక్షా నలభై వేలు, టికెట్ ఖర్చు మనదే, శని ఆదివారాలు గుళ్లు చూపిస్తారు. ఆ పిల్లల ఫొటోలు చూసి ఏడ్చేశాను. అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆడపిల్లవి ఒక్కదానివే ఎలా వెళ్తావని ఒక గొడవ, డొక్కా సీతమ్మ గారు గుమ్మంలోనే ఉండి అంతమందికి అన్నం పెట్టారు, నీకు సేవ చెయ్యడానికి సముద్రాలు దాటాలా అని ఇంకో గొడవ. నేను అనుకుంటున్నది తప్పా? ఒకవేళ వెళ్తే ఆ పిల్లలకి ఏం నేర్పాలి?

జవాబు: తప్పేం లేదమ్మాయ్. వెళ్లాలని ఉంటే వెళ్లు. కానీ నువ్వు రాసిన ప్రోగ్రామ్‌కి మాత్రం డబ్బు కట్టకు, అడ్వాన్స్ కూడా పంపకు. ఇప్పటికే పంపేసి ఉంటే, రాకపోయినా ఫర్వాలేదనుకో. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు, నాకు పొట్టిగా రాయడం చేతకాదు.

ముందు మీ అమ్మగారి మాట. ఆవిడ సీతమ్మ గారిని అడ్డం పెట్టారు కాబట్టి నువ్వేం మాట్లాడినా నోరు మూతపడిపోయి ఉంటుంది, మన కోనసీమలో ఆ పేరు చెప్పాక ఎదురు మాట్లాడేవాళ్లెవరు? లంకల గన్నవరంలో గోదావరి పొంగి దారి లేక ఆగిపోయినవాళ్లకి, పడవ దిగి ఆకలితో వచ్చినవాళ్లకి, ఏ వేళప్పుడు తలుపు తట్టినా వండి పెట్టిన మనిషి. 1909లో పోయారు, ఇప్పుడు మన రాష్ట్రంలో బళ్లో పెట్టే మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే. ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరి, దారిలో ఎవరో ఆకలిగా ఉన్నాం, సీతమ్మ గారింటికి వెళ్తే తిండి దొరుకుతుంది అనుకోవడం విని, వెనక్కి తిప్పించేశారని చెప్పుకుంటారు. మీ అమ్మగారు ఈ కథలో "ఇల్లు కదలకూడదు" అనే మాట విన్నారు. నాకు వినపడింది వేరు. ఆవిడ మర్నాడు కూడా అక్కడే ఉండేవారు. ఇవాళ తిన్నవాడు రేపొస్తే రేపు కూడా పొయ్యి వెలిగేది. గోదావరి దాటడం దాటకపోవడం కాదు విషయం, ఆ రెండో రోజు. నీ ఉత్తరం అంతా వెతికాను, మూడు వారాల తర్వాత రోజు గురించి ఒక్క ముక్క లేదు. నువ్వు వచ్చేశాక ఆ పిల్లలకి యోగా ఎవరు చెప్తారు?

ఇప్పుడు ఆ అనాథాశ్రమం సంగతి. కంబోడియాలో చాలా ఏళ్లుగా నడుస్తున్న కథ ఇది. సియెం రీప్ పక్కనున్న పాతకాలపు అంగ్‌కోర్ గుళ్లు చూడ్డానికి వచ్చే జనం పెరిగిన కొద్దీ ఆశ్రమాలు పెరిగాయి. తల్లిదండ్రులు లేని పిల్లలు పెరిగి కాదు, చూడ్డానికి వచ్చేవాళ్లు, డబ్బిచ్చేవాళ్లు పెరిగి. అక్కడి ప్రభుత్వం, యూనిసెఫ్ లెక్కలు తీస్తే ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. బీదవాళ్లు, ఊళ్లో మంచి బడి లేదు, ఎవరో వచ్చి చదువు చెప్పిస్తాం, ఇంగ్లీషు వస్తుంది అన్నారు, పంపేశారు. మన దగ్గర తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్తే పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో ఉంచుతారు చూడు, అలాంటి పిల్లల్ని ఒక ఇంట్లో పోగేసి బయట "అనాథలు" అని బోర్డు పెట్టి, విదేశీయుల్ని తీసుకొచ్చి, వీళ్లతో ఆడుకోండి, పాట పాడించండి, ఫొటో దిగండి, వెళ్తూ వెళ్తూ డబ్బులివ్వండి అంటే ఆ తల్లికి ఎలా ఉంటుంది? మన ఊరి పిల్లలకి ఎవరైనా అలా చేస్తే చెప్పు తీసుకుని వెళ్తాం కదా.

నేపాల్‌లో కూడా ఇదే. కొండ జిల్లాల నుంచి పిల్లల్ని ఖాట్మండు తీసుకొచ్చి, తల్లిదండ్రులు లేరని కాగితాలు పుట్టించిన కేసులు బోలెడు బయటపడ్డాయి. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చేసిన చట్టంతో పాటు, ఇలా పిల్లల్ని ఆశ్రమాలకి తరలించడాన్ని కూడా బానిసత్వం కిందే చూడటం మొదలుపెట్టింది. 2019 డిసెంబర్‌లో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల్లో వాలంటీర్లుగా తిరిగే టూరిజం వల్ల పిల్లలకి జరిగే చెడు గురించి పేరు పెట్టి రాసింది. కంబోడియాలోనే ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 2011 నుంచి "పిల్లలు పర్యాటక వింతలు కారు" అని పోస్టర్లు వేసి ప్రచారం చేస్తోంది. అన్ని ఆశ్రమాలూ మోసం అని నేననడం లేదు. కానీ పిల్లల్ని నిజంగా కాపాడాలనుకునే చోట, లక్షా నలభై వేలు కట్టిందన్న అర్హత ఒక్కటే చూసి ముక్కూ మొహం తెలియని మనిషిని లోపలికి పంపరు.

ఒకటి అడుగుతాను. వాళ్లు నిన్ను పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగారా? పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అప్లై చేస్తే ఇస్తారు, అయిదొందలు ఫీజు. నీ ఉత్తరంలో ఫీజు ఉంది, టికెట్టు ఉంది, గుళ్లు ఉన్నాయి, ఈ కాగితం ఊసు లేదు. పిల్లలున్న చోటికి రాబోయే మనిషి మీద కేసులున్నాయో లేదో కూడా అడగనివాళ్లు, నీలాంటి మంచి పిల్లని ఎలా రానిస్తారో ఇంకెవడినైనా అలాగే రానిస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడ.

ఇది వార్తల్లో చదివి చెప్తున్నది మాత్రమే కాదు. అవతలి ఒడ్డున నిలబడి చూశాను నేను. 1996 నవంబర్ 6 తుపాను నాటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు, సముద్రం దగ్గర ఊళ్లో డ్రిల్ టీచర్ని. కొబ్బరి తోటలు పడుకున్నాయి, వేటకెళ్లినవాళ్లు రాలేదు, కోనసీమ మొత్తం మీద వెయ్యి మందికి పైగా పోయారు. ఆ తర్వాత నెలంతా మా ఊరికి కార్లు. సాయం చేసినవాళ్లు చాలామంది, దణ్ణం పెట్టాలి వాళ్లకి, బియ్యం తెచ్చారు, పాకలు వేశారు. కానీ ఒక బృందం వచ్చి పిల్లలకి స్వెట్టర్లు పంచింది. స్వెట్టర్లు! మన దగ్గర వాటితో పనిపడే చలి ఎప్పుడుందమ్మా? దిండ్లలో కుక్కుకున్నారు. వాళ్లతో ఒకమ్మాయి వచ్చింది, నీ ఈడే ఉంటుంది, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి చప్పట్ల ఆటలు ఆడించింది, పాటలు నేర్పింది, బాగా నేర్పింది కూడా. నాలుగు రోజులుండి ఏడుస్తూ కారెక్కింది. పిల్లలూ ఏడ్చారు. తండ్రి పడవతో సహా తిరిగిరాని ఓ రెండో తరగతి పిల్ల, సంక్రాంతి వెళ్లాక కూడా, కారు చప్పుడైతే చాలు గేటు దగ్గరికి పరిగెత్తేది, ఆ అక్క వచ్చిందేమోనని. ఆ అక్క చెడ్డది కాదు. ఆమెకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు, అంతే. ఇప్పుడు ఆ ఒక్క అక్క బదులు నెలకో అక్క చొప్పున ఏడాదికి పన్నెండు మంది వచ్చి వెళ్లే ఇల్లు ఊహించుకో. నువ్వు కట్టబోయేది అందులో ఒక నెల అద్దె.

సరే, తిట్టడం అయింది. వెళ్లడం ఎలాగో చూద్దాం.

పిల్లలు పొద్దున వచ్చి సాయంత్రం వాళ్లింటికి వాళ్లు వెళ్లిపోయే చోటు వెతుకు. పగటి బడి, పల్లెటూరి లైబ్రరీ, ఆటల సెంటరు, ఏదైనా. అక్కడి మనుషులు నడిపేదై ఉండాలి, ముఖ్యంగా అక్కడ ఒక టీచర్ ఉండాలి, నాకు యోగా నేర్చుకుని పిల్లలకి చెప్పాలని ఉంది అనేవాళ్లు. నువ్వు పిల్లల టీచర్‌గా కాదు, ఆ టీచర్‌కి అసిస్టెంట్‌గా వెళ్లు. పొద్దున ఆవిడకి నేర్పు, సాయంత్రం ఆవిడ పిల్లలకి చెప్తుంటే నువ్వు వెనక వరసలో చివర నిలబడి చెయ్యి. మూడు వారాల్లో పది ఆసనాలు, రెండు శ్వాసలు ఆవిడకి బాగా వస్తే, నువ్వు విమానం ఎక్కిన మర్నాడు కూడా క్లాసు జరుగుతుంది. పిల్లలు నీకోసం ఏడవరు, ఎందుకంటే వాళ్ల టీచర్ ఎక్కడికీ పోలేదు. నీ పేరు కూడా సరిగ్గా గుర్తుండకపోవచ్చు, దానికి సిద్ధపడు. కెన్యాలో నైరోబీ కేంద్రంగా ఆఫ్రికా యోగా ప్రాజెక్ట్ అని 2007లో మొదలైంది, వాళ్ల పద్ధతి ఇదే, బస్తీల్లోని కుర్రాళ్లకీ అమ్మాయిలకీ టీచర్ శిక్షణ ఇస్తే వాళ్లే వాళ్ల పేటల్లో క్లాసులు చెప్తారు. బయటివాళ్లు వస్తారు, పోతారు, క్లాసు మాత్రం పేటలోనే ఉంటుంది.

అలాంటి చోటు దొరికాక మెయిల్‌లో సూటిగా అడుగు: పోయిన నెల ఈ పిల్లలకి యోగా ఎవరు చెప్పారు, నేను వెళ్లాక ఎవరు చెప్తారు, పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటారు, అసలు మీకు యోగా కావాలా లేక ఇంకేదైనా పనికొస్తానా. ఈ ఆఖరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకు. సాఫ్ట్‌వేర్ పిల్లవి కదా, వాళ్లకి పాడైపోయిన రెండు కంప్యూటర్లు బాగుచేసే మనిషి కావాలేమో, ఎవరికి తెలుసు. అలా అడిగినందుకు కోపమొస్తే ఆ చోటు నీకొద్దు. వీసా సంగతి కూడా ఆ దేశం ఎంబసీని అడుగు. జీతం లేకుండా చెప్పినా దాన్ని పనికిందే లెక్కేసే దేశాలున్నాయి, టూరిస్టు వీసా మీద క్లాసులు చెప్పి దొరికితే నీతోపాటు ఆ బడివాళ్లకీ తలనొప్పి.

ఇంకోటి, ఏప్రిల్ అన్నావు. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం, మన ఉగాదిలా ఒక్క రోజుతో పోదు, మూడు నాలుగు రోజులు ఊళ్లకి ఊళ్లే సొంతూళ్లకి వెళ్లిపోతాయి, బళ్లు మూసేస్తారు. పైగా ఏడాదిలో మండిపోయే నెల అదే. ఏప్రిల్‌లో నీ క్లాసుకి వచ్చే పిల్లలు ఎవరు మరి? నీకు ప్రోగ్రామ్ అమ్మినవాళ్లకి ఇది తెలియక కాదు. ఏ నెలలో వచ్చినా పిల్లలు రెడీగా ఉంటారంటే ఆ పిల్లలకి పండక్కి ఇంటికెళ్లే వీలు కూడా లేదన్నమాట, అది ఆలోచించు. సెలవు నవంబర్, డిసెంబర్, జనవరి వైపు జరుపుకో, వానలు తగ్గుతాయి, ఎండా కాస్త తక్కువ.

ఇక అసలు ప్రశ్న, ఏం నేర్పాలి. ఇది నాకిష్టమైన విషయం, ఇక్కడ ఎక్కువ రాస్తే ఏమనుకోకు.

నీ 200 గంటల కోర్సు పెద్దవాళ్లకి చెప్పడం కోసం. యోగా టీచర్లని నమోదు చేసుకునే యోగా అలయన్స్ అనే సంస్థ లెక్క ప్రకారమే పిల్లల యోగాకి వేరే 95 గంటల శిక్షణ ఉంది. అది చెయ్యకపోతే వెళ్లొద్దని కాదు, నేనూ ఏ సర్టిఫికెట్ లేకుండానే మొదలుపెట్టాను, తప్పులు చేశాను. నా మొదటి తప్పు చెప్తాను. మా బళ్లో పొద్దున ప్రార్థన అయ్యాక ఆరు ఏడు తరగతుల పిల్లలకి ప్రాణాయామం పెట్టాను. పుస్తకంలో ఖాళీ కడుపుతో చెయ్యాలి అని ఉంది, పొద్దున్నే కదా ఖాళీగానే ఉంటుంది, మంచిదే అనుకున్నాను. మూడో రోజు ఒక పిల్లాడు నిలువునా పడిపోయాడు. ఏం తిన్నావురా అంటే నిన్న మధ్యాహ్నం బళ్లో తిన్నాను మేడమ్ అన్నాడు. తల్లి రొయ్యల షెడ్డులో రాత్రి డ్యూటీ, వండేవాళ్లు లేరు. పుస్తకం రాసినవాళ్లు చెప్పిన ఖాళీ కడుపు, తిన్నది అరిగిన కడుపు. వీడిది అసలు తినని కడుపు. అప్పట్నుంచి నా క్లాసులో మొదటి ఆసనం "ఏం తిన్నారు" అని అడగడమే. తిననివాళ్లు ఉంటే అరటిపండో, బెల్లం ముక్కో, పది నిమిషాలు కబుర్లు, ఆ తర్వాతే ఏదైనా. అక్కడ నువ్వు వెళ్లే చోట భోజనం ఎన్నింటికో కనుక్కుని, తిన్న గంటన్నర తర్వాత క్లాసు పెట్టించు. నీ లక్షా నలభై వేలలో పదో వంతు పండ్లకి పెట్టినా ఎంతమంది పిల్లలకి వస్తాయో లెక్కేసుకో.

శ్వాస బిగబట్టడాలు, కుంభకం, గబగబా కొట్టే కపాలభాతి, భస్త్రిక పిల్లలకి వద్దు. తుమ్మెదలా ఝుమ్మనడం, అంటే భ్రామరి, చాలు, అదయితే వాళ్లకి ఆట. కడుపు మీద కొబ్బరిచిప్పో కాగితం పడవో పెట్టి పడుకోబెట్టు, ఊపిరితో పడవ పైకి కిందికి ఊగాలి, పడిపోకూడదు. ఇరవై మంది గోల పిల్లలు నిమిషంలో నిశ్శబ్దమైపోతారు, ఈ పద్ధతి నేనెక్కడా నేర్చుకోలేదు, వానాకాలం బడి వరండాలో పుట్టింది.

శీర్షాసనం, సర్వాంగాసనం జోలికి వెళ్లకు. మెడ మీద బరువు, చుట్టూ నవ్వే స్నేహితులు, కింద మెత్తటి మ్యాట్ లేదు, ఎందుకొచ్చింది? పిల్లల ఒళ్లు ఎలాగూ విల్లులా వంగుతుంది, వంచడం గొప్పేం కాదు. నిలకడ నేర్పు. వృక్షాసనం, కొంగలా ఒంటికాలి మీద నిలబడటం, నౌకాసనం, భుజంగాసనం, పిల్లిలా వీపు పైకి కిందికి, తాబేలు, కప్ప. ఒక్కో ఆసనంలో మూడు నాలుగు ఊపిరులకి మించి ఉంచకు. క్లాసు మొత్తం అరగంట, చిన్నవాళ్లకైతే ఇరవై నిమిషాలు. పతంజలి ఆసనం గురించి చెప్పింది "స్థిరసుఖమాసనం" అని, స్థిరంగానూ ఉండాలి సుఖంగానూ ఉండాలి. ఏడేళ్ల పిల్లాడికి సుఖం అంటే నవ్వొస్తూ ఉండటం.

నువ్వు రిషీకేశ్‌లో నేర్చుకున్నావు కాబట్టి, భారతీయురాలివి కాబట్టి, అక్కడికి యోగా మోసుకెళ్తున్నానని అనుకుంటావేమో. అంగ్‌కోర్ గుళ్లకి వెళ్తే స్తంభాల అడుగున చూడు, కాళ్లు ముడుచుకుని ధ్యానంలో కూర్చున్న మునుల బొమ్మలు వరసగా చెక్కి ఉంటాయి, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల నాటివి. ఒళ్లు వంచడం సంగతి చెప్పాలంటే, బట్టంబాంగ్ అనే ఊళ్లో ఫారే పొన్లూ సెల్పాక్ అని ఒక కళల బడి ఉంది. శరణార్థి శిబిరం నుంచి తిరిగొచ్చిన తొమ్మిది మంది కుర్రాళ్లు, వాళ్లకి శిబిరంలో బొమ్మలు నేర్పిన టీచర్‌తో కలిసి 1994లో పెట్టుకున్నారు. అక్కడ నేర్చుకున్న పిల్లలు సియెం రీప్‌లో రాత్రిపూట సర్కస్ ఆడతారు. ముందు టికెట్టు కొనుక్కుని అది చూడు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గాల్లో పల్టీలు కొట్టడం చూశాక, ఈ దేశపు పిల్లలకి నేను నిటారుగా నిలబడే తాడాసనం నేర్పాలా అని నీకే అనిపిస్తుంది, అనిపించాలి కూడా, ఆ సిగ్గు మంచిది.

భాష రాదని భయపడకు, అంకెలు నేర్చుకో చాలు మొదటి రోజుకి. మూయ్, పీ, బేయ్, బూన్, ప్రామ్. అయిదు దాకా అంతే, ఆరుకి కొత్త మాట లేదు, ప్రామ్-మూయ్, అంటే అయిదూ ఒకటీ. ఊపిరి లెక్కపెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? నువ్వు తప్పు పలికితే పిల్లలు పడీ పడీ నవ్వుతారు, దిద్దుతారు, అక్కడితో టీచర్లు వాళ్లయిపోతారు, క్లాసు దారిలో పడుతుంది. చేతులు జోడించడం వాళ్లకీ ఉంది, సంపియా అంటారు, మనకంటే పద్ధతి ఎక్కువ, ఎదుటి మనిషిని బట్టి చేతులు ఛాతీ దగ్గర నుంచి నుదుటి దాకా లేస్తాయి. నువ్వు నమస్తే నేర్పక్కర్లేదు, వాళ్ల దగ్గర నేర్చుకో.

తల మీద చెయ్యి వెయ్యకు. మనం ముద్దొస్తే తల నిమురుతాం, అక్కడ తల గౌరవమైన చోటు, ముట్టుకోవడం తప్పు. కాళ్లు మనిషి వైపో బుద్ధుడి బొమ్మ వైపో చాపడం కూడా తప్పే, కాబట్టి కాళ్లు ముందుకి చాపి కూర్చునే దండాసనం పెట్టేముందు గోడకి ఏ పటం ఉందో చూసి పిల్లల్ని తిప్పి కూర్చోబెట్టు. గుండ్రంగా కూర్చున్నప్పుడైతే ఎలా అంటావా, ఆ టీచర్‌ని అడుగు, అందుకే ఆవిడ ముందు ఉండాలన్నాను.

అసలు తలే కాదు, ఆసనం సరిచెయ్యడానికి పిల్లల ఒంటి మీద చెయ్యి వెయ్యడమే మానుకో. నువ్వు చేసి చూపించు, మాటతో చెప్పు, లేదా వంకరగా ఉంటే ఉండనీ, కొంపలు మునిగిపోవు. గదిలో ఎప్పుడూ ఇంకో పెద్దమనిషి ఉండాలి, ఒక్కదానివే ఉండకు, ఇది నీకూ మంచిది వాళ్లకీ మంచిది. శవాసనంలో కళ్లు మూసుకోమని బలవంతపెట్టకు. మా బళ్లో ఒక పిల్ల గోడకి వీపు ఆనించి కూర్చునేది తప్ప పడుకునేది కాదు. నేను రెండు సార్లు గదమాయించాను కూడా, ఏడాది తర్వాత ఆ ఇంట్లో రాత్రిళ్లు ఏం జరిగేదో తెలిసింది. ఇప్పుడు గుర్తొచ్చినా నా మీద నాకే అసహ్యం. పడుకోవాలనుకున్నవాళ్లు పడుకుంటారు, కూర్చోవాలనుకున్నవాళ్లు కూర్చుంటారు, కిటికీలోంచి చూడాలనుకున్నవాళ్లు చూస్తారు.

ఓంకారం, మంత్రాలు? పిల్లల ఇళ్లవాళ్లని అడక్కుండా పెట్టకు. మన దగ్గరే చర్చికి వెళ్లే ఇళ్ల నుంచి ఒకసారి తల్లులు వచ్చి నన్ను నిలదీశారు, నాకు అప్పుడు కోపమొచ్చింది, తర్వాత ఆలోచిస్తే వాళ్ల పిల్లలు, వాళ్లిష్టం. 2015లో మొదటి యోగా దినోత్సవానికి ప్రభుత్వమే సూర్య నమస్కారాలు పక్కన పెట్టింది, గొడవెందుకని. తుమ్మెదకి ఏ మతమూ లేదు, ఝుమ్మంటే చాలు.

మ్యాట్లు పట్టుకెళ్లకు. విమానంలో బరువు, అక్కడ ఇద్దరికి దొరికి పద్దెనిమిది మందికి దొరక్కపోతే కొట్లాట. నేల ఉంది, చాపలు వాళ్లకీ ఉన్నాయి. గౌను వేసుకున్న ఆడపిల్లలు కాళ్లు పైకెత్తే ఆసనాలకి ఇబ్బంది పడతారు, నోరు తెరిచి చెప్పరు, నువ్వే చూసుకో. పట్టుకెళ్లాలనిపిస్తే పెద్ద డ్రాయింగ్ షీట్లు, రంగులు పట్టుకెళ్లు, ఆసనాల బొమ్మలు పిల్లల చేతే వేయించు, గోడకి అంటించు, అవి అక్కడే ఉంటాయి.

ఫొటోలు తియ్యకు. ఆ ఫొటోలు చూసే నువ్వు ఏడ్చావు, ఆ ఏడుపునే వాళ్లు లక్షా నలభై వేలకి అమ్ముతున్నారు. నువ్వు తీసినవి ఇంకెవరినో ఏడిపిస్తాయి. కోర్సులో అస్తేయం అని చదివే ఉంటావు, దొంగతనం చెయ్యకపోవడం, అడక్కుండా తీసిన పిల్లాడి మొహం కూడా అందులోకే వస్తుంది. సర్కస్ ఫొటోలు తీసుకో, గుళ్ల ఫొటోలు తీసుకో, మామిడికాయతో నువ్వు తిన్నవి తీసుకో.

మీ అమ్మగారి రెండో భయం, ఒక్కదానివే అని. దాన్ని కొట్టిపారెయ్యను, కూతురు దూరదేశం వెళ్తుంటే ఏ తల్లికైనా టెన్షనే. ఉండే చోటు అడ్రసు, ఆ బడి నడిపేవాళ్ల ఫోన్ నంబరు ఆవిడకివ్వు, వెళ్లేముందు వీడియో కాల్‌లో ఆ టీచర్‌ని అమ్మగారితో మాట్లాడించు, భాష రాకపోయినా ఇద్దరూ మొహాలు చూసుకుంటారు, దాంతో సగం భయం పోతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకో, దోమలకి జాగ్రత్త, డెంగీ ఉంది, కుక్క కరిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లు. ఊరి బయట దారి వదిలి పొలాల్లో అడ్డంగా నడవకు, యుద్ధం నాటి మందుపాతరలు ఆ దేశంలో ఇంకా పూర్తిగా తియ్యలేదు. ఇది అమ్మగారికి చెప్పక్కర్లేదు.

ఇన్ని చెప్పాక ఒక చిన్న షరతు, నువ్వు ఒప్పుకుంటేనే. వెళ్లేముందు నాలుగు శనివారాలు ఇక్కడికి రా. రిటైరయ్యాక నేను ఒక లంక ఊరి బళ్లో వారానికోసారి చెప్తున్నాను, అక్కడి టీచరమ్మ ఇప్పుడు నాకంటే బాగా చెప్తోంది, మిగతా అయిదు రోజులు ఆవిడదే. పిల్లల్లో కొందరు ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు, తెలుగు సగమే వచ్చు, కాబట్టి భాష రాని పిల్లలకి చెప్పడం ఎలాగో నీకు కంబోడియా కంటే ముందే తెలుస్తుంది. మొదటి రెండు శనివారాలు నువ్వు చెప్పవు, పిల్లలతో పాటు చేస్తావు. మూడోసారి శ్వాస ఒక్కటి చెప్పనిస్తాను. హైదరాబాద్ నుంచి శుక్రవారం రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి ఇంటికొస్తావు, అమ్మగారికి కూడా కూతురు నాలుగు వారాలు వరసగా కనిపిస్తుంది, ఆవిణ్ణీ తీసుకురా, బళ్లో వంట చేసేవాళ్లకి ఓ చెయ్యి వేస్తారు.

పడవ ఎనిమిదిన్నరకి. ఆలస్యమైతే మళ్లీ పదింటికి గాని లేదు. రేవు దిగాక ఇసుకలో నడక, చెప్పులు చేతిలో పట్టుకో, అరటిపళ్లు ఒక గెల నేను తెస్తాను, రెండోది నువ్వు తే.